ఏడాదికి పన్నెండు ప్రయాణాలు

మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు ఒక ఆరోగ్య సబ్‌సెంటర్ ఉండాలన్నది మన దేశంలో దశాబ్దాలుగా నడుస్తున్న లెక్క. కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో అయితే 3,000 మందికి ఒకటి. ఆ 5,000 మందినే తీసుకుని కాసేపు లెక్క వేద్దాం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు జననాల రేటు వెయ్యికి 16 దరిదాపుల్లో ఉంది. అంటే ఆ సబ్‌సెంటర్ పరిధిలో ఏడాదికి 80 కాన్పులు జరుగుతాయి.

ఇప్పుడు బీపీ సంగతి చూద్దాం. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 ఏళ్లు దాటిన స్త్రీలలో నాలుగో వంతు మందికి బీపీ 140/90 లేదా అంతకన్నా ఎక్కువ ఉంది, లేదా వాళ్లు ఇప్పటికే మాత్రలు వాడుతున్నారు. మగవాళ్లలో ఈ వాటా ఇంకాస్త ఎక్కువ. మన 5,000 మందిలో 15 దాటినవాళ్లు సుమారు 4,000 ఉంటారు. అందులో నాలుగో వంతంటే 1,000. సర్వేవాళ్లు ఒక్క రోజు చూసిన బీపీతోనే జబ్బు ఖాయమని చెప్పలేం, మళ్లీ మళ్లీ చూడాలి. అందుకని ఒక 200 మందిని తీసేద్దాం. అయినా 800 మంది మిగులుతారు.

ఒకే సబ్‌సెంటర్ కింద 80 కాన్పులు, 800 మంది బీపీ మనుషులు. గత ఇరవై ఏళ్లలో మన గ్రామీణ వైద్యం ఆ 80 మందిని చూసుకోవడం బాగా నేర్చుకుంది. ఈ 800 మందిని చూసుకోవడం ఇంకా నేర్చుకోవాల్సి ఉంది. రెండూ ఒకే ఊళ్లో, ఒకే ఏఎన్‌ఎమ్మమ్మ (సబ్‌సెంటర్ నర్సు) చేతి మీదుగా జరగాల్సినవే. ఒకటి అంత బాగా సాగి, రెండోది ఎందుకు వెనకబడిందన్నదే ఈ కథనం.

కాన్పుల పోరు ఎలా గెలిచాం

1992-93లో మొదటి కుటుంబ ఆరోగ్య సర్వే జరిగినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆస్పత్రుల్లో జరిగిన కాన్పులు దాదాపు మూడో వంతే. మిగిలినవి దాదాపు అన్నీ ఇంట్లోనే జరిగేవి. 2019-21 నాటికి ఆస్పత్రి కాన్పులు ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతానికి, తెలంగాణలో 97 శాతానికి చేరాయి. 2001-03లో ఉమ్మడి రాష్ట్రంలో లక్ష జననాలకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఆ సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 45కి, తెలంగాణలో 43కి దిగింది. అప్పటి దేశ సగటు 97. కేరళ 19 దగ్గర ఉంది కాబట్టి మనం నడవాల్సిన దూరం ఇంకా ఉంది. అయినా ఒక్క తరంలోనే ఇంత మార్పు రావడం చిన్న విషయం కాదు. వేల ఇళ్లలో పిల్లలు తల్లి ఉండగా పెరుగుతున్నారు.

ఇది ఎలా సాధ్యమైందో చూస్తే గ్రామీణ వైద్యం పనిచేసే తీరు అర్థమవుతుంది. సెరీన్ థడియస్, డెబొరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో తల్లుల మరణాల వెనక మూడు ఆలస్యాలు ఉంటాయని చెప్పారు. ఆస్పత్రికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం మొదటిది. దారిలో అయ్యే ఆలస్యం రెండోది. ఆస్పత్రికి చేరాక వైద్యం అందడంలో అయ్యేది మూడోది. మన దగ్గర ఈ మూడింటి మీదా ఒకేసారి దెబ్బ పడింది.

2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైంది. వెయ్యి జనాభాకు ఒక ఆశా కార్యకర్త వచ్చింది. ఊరి కోడలే ఆశాగా ఉండి, ఏ ఇంట్లో ఎవరికి ఎన్నో నెలో తెలిసి, అత్తగారితో మాట్లాడి ఒప్పించగలిగింది. జననీ సురక్ష యోజన ఆస్పత్రి కాన్పుకు డబ్బు ఇచ్చింది. అదే ఏడాది ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు మొదలై, కొద్ది ఏళ్లలోనే రాష్ట్రమంతటా తిరిగింది. ఫోన్ చేస్తే పట్టణంలో 15 నిమిషాల్లో, పల్లెలో 20, ఏజెన్సీలో 30 నిమిషాల్లో బండి చేరాలన్నది లక్ష్యం. 2017లో తెలంగాణ ప్రభుత్వం సర్కారు ఆస్పత్రిలో కాన్పయితే 12,000 రూపాయలు, ఆడపిల్ల పుడితే 13,000 రూపాయలు ఇస్తూ కేసీఆర్ కిట్ పథకం తెచ్చింది.

ఈ గెలుపుకు ఒక మరక కూడా ఉంది. 2019-21 సర్వే నాటికి తెలంగాణలో జరిగే కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4, ప్రైవేటులో 63 శాతం. సిజేరియన్లు 10 శాతం దాటాక, పెరిగిన ప్రతి ఆపరేషనూ ప్రాణాలు కాపాడుతోందని చెప్పడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తేల్చింది. ఆస్పత్రి తలుపు దాకా మనిషిని చేర్చాక ఆ తలుపు వెనక ఏం జరుగుతుందో చూసే బాధ్యత ఎవరిదో మనం తేల్చుకోలేదు. అది వేరే కథనం కావాల్సినంత పెద్ద విషయం.

కాన్పు విషయంలో మనకు కలిసొచ్చింది దాని స్వభావం. అది తొమ్మిది నెలల్లో ముగుస్తుంది. తేదీ ముందే తెలుస్తుంది. ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు. ఒక్కసారి బండి వచ్చి, ఒక్కసారి డాక్టరు చూసి, ఒక్కసారి డబ్బు ఖాతాలో పడితే పని అయిపోతుంది. బీపీకి ఇవేవీ లేవు. నొప్పి ఉండదు, తేదీ ఉండదు, ముగింపూ ఉండదు.

గోదావరి పల్లెల్లో 1,354 మరణాలు

పల్లెల్లో జనం జ్వరాలతో, విరేచనాలతో చనిపోతారనీ, గుండెపోటు పట్నం జబ్బనీ ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. 2003-04లోనే ఈ నమ్మకం తప్పని తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు చూపించాయి. అక్కడి 45 గ్రామాల్లో, 1,80,162 మంది జనాభాలో, ఏడాది పాటు జరిగిన ప్రతి మరణాన్నీ పరిశోధకులు నమోదు చేశారు. చనిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి, చివరి రోజుల్లో ఏం జరిగిందో అడిగి రాసుకున్నారు. మొత్తం 1,354 మరణాలు తేలాయి. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటే గుండెపోటు, పక్షవాతం వంటివి. అంటువ్యాధుల వాటా 12 శాతం.

ఇది ఇరవై ఏళ్ల కిందటి మాట. 108 ఇంకా రోడ్డెక్కని రోజులు. అప్పటికే మన పల్లెలు జబ్బుల విషయంలో మారిపోయాయి. వైద్య వ్యవస్థ మాత్రం పాత శత్రువుకు ఎదురుగానే నిలబడి ఉంది.

ఆ తర్వాత 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ వచ్చింది. మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో, ఆపై రాష్ట్రమంతటా అమలైంది. గుండె ఆపరేషను అంటే పొలం అమ్ముకోవడమే అనుకున్న కుటుంబాలకు అది నిజంగా ప్రాణం పోసింది. 2023 డిసెంబరులో పరిమితిని తెలంగాణ 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ పరిమితి కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లూ మారుతుంటాయి, సేవ సాగుతోంది. మంచిదే.

కానీ ఈ పథకాలన్నీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవాళ్ల కోసం తయారైనవి. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం నేరుగా జేబులోంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉంటే, 2021-22లో 39.4 శాతానికి తగ్గింది. మిగిలిన ఆ 39 శాతంలో పెద్ద భాగం మందులకూ, ఆస్పత్రిలో చేరకుండా చూపించుకునే వైద్యానికీ పోతోంది. బీపీ మాత్ర అందులోదే. పక్షవాతం వచ్చి మనిషి పడిపోయాక లక్షల రూపాయలు మంజూరు చేయడానికి వ్యవస్థ సిద్ధంగా ఉంది. పడిపోకుండా ఆపే మాత్ర నెలనెలా చేతికి చేరేలా చూడటానికి అంత సిద్ధంగా లేదు.

మాత్ర ధర కాదు, పూట ధర

బీపీకి మొదట రాసే మందుల్లో ఆమ్లోడిపిన్ ఒకటి. జనరిక్ రకం రోజుకు రూపాయికి అటూ ఇటూ పడుతుంది. సర్కారు దవాఖానాలో అయితే ఉచితం. ఏడాది మందు విలువ మూడు నాలుగు వందలు దాటదు. మరి జనం ఎందుకు మానేస్తారు?

కూలికి వెళ్లే మనిషి వైపు నుంచి చూడాలి. నెలకు సరిపడా మాత్రలే ఇస్తారు కాబట్టి ఏడాదికి 12 సార్లు వెళ్లాలి. కేంద్రాలు తెరిచి ఉండేది పగటిపూట, సరిగ్గా పొలం పని జరిగే వేళ. 2025-26లో ఉపాధి హామీ కూలి రెండు రాష్ట్రాల్లోనూ రోజుకు 307 రూపాయలు. 12 రోజులు పోతే 3,684 రూపాయలు. ఆటో చార్జీలు ఇందులో కలపలేదు. నాట్ల రోజుల్లో, పత్తి తీతల రోజుల్లో కూలి ఇంతకన్నా ఎక్కువ ఉంటుంది, పోగొట్టుకునేదీ ఎక్కువే. ఉచితంగా ఇచ్చే మందుకు మనిషి చెల్లిస్తున్న ధర ఇది. మందు విలువకు పది రెట్లు. ఇంత పెట్టి వెళ్తే డాక్టరుగారు లేరని, మందు అయిపోయిందని తిరిగి పంపితే, ఆ మనిషి తర్వాతి నెల రాకపోవడానికి అవగాహన లేకపోవడమే కారణమని మనం అనేస్తాం. ఒంట్లో ఏ బాధా లేనప్పుడు పూట కూలి పోగొట్టుకుని మాత్ర కోసం లైన్లో నిలబడటం చదువుకున్నవాళ్లకీ కష్టమే.

ఇక ఇదే లెక్కను ఏఎన్‌ఎమ్మమ్మ వైపు నుంచి వేద్దాం. 800 మంది నెలకోసారి వస్తే ఏడాదికి 9,600 రాకలు. పనిదినాలు 300 అనుకుంటే రోజుకు 32 మంది. ఒక్కొక్కరికి బీపీ చూసి, రాసుకుని, మాత్రలిచ్చి, నాలుగు మాటలు చెప్పడానికి పది నిమిషాలు పట్టినా ఐదు గంటలు దాటిపోతాయి. టీకాలు, గర్భిణుల పరీక్షలు, క్షయ రోగుల మందులు, ఇంటింటి సర్వేలు, ఫోనులో నింపాల్సిన నాలుగైదు యాప్‌లు, ఇవన్నీ మిగిలిన రెండు మూడు గంటల్లో చేయాలి. షుగర్ ఊసే ఇంకా ఎత్తలేదు.

ఆంధ్రప్రదేశ్ ఈ భారాన్ని కొంత పంచింది. రాష్ట్రంలో 10,032 గ్రామ క్లినిక్‌లు పెట్టారు. 2011 జనాభా లెక్కల ప్రకారం గ్రామీణ జనాభా సుమారు మూడున్నర కోట్లు. భాగిస్తే క్లినిక్‌కు 3,500 మంది. మన 800 అక్కడ 560 అవుతుంది, రోజుకు 22 మంది. ఏఎన్‌ఎంతో పాటు బీఎస్సీ నర్సింగ్ చదివిన ఒకరిని కూర్చోబెట్టారు. 105 రకాల మందులు, 14 రకాల పరీక్షలు అందుబాటులో ఉంచాలన్నారు. 2023 ఏప్రిల్ 6న మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) డాక్టరు 104 సంచార వైద్య బండితో నెలకు రెండుసార్లు ఊరికి రావాలన్నారు.

ఈ దారి సరైనదే, దాన్ని మనసారా మెచ్చుకోవాలి. డాక్టరు దగ్గరికి ఊరు వెళ్లే బదులు ఊరి దగ్గరికి డాక్టరు రావడం వల్ల అందరి పూట కూలీ మిగులుతుంది. అయినా ఇందులోనూ లెక్క తప్పించుకోలేం. నెలకు 2 సార్లంటే ఏడాదికి 24 రోజులు. 560 మంది బీపీవాళ్లను డాక్టరు ఏడాదికి రెండుసార్లే చూసినా 1,120 సార్లు చూడాలి, అంటే వచ్చిన ప్రతి రోజూ 47 మందిని. ఆరు గంటలు కూర్చుంటే ఒక్కొక్కరికి ఏడున్నర నిమిషాలు. జ్వరాలు, మోకాళ్ల నొప్పులు, గర్భిణులు వస్తే ఆ నిమిషాలు మూడుకు, నాలుగుకు పడిపోతాయి. కాబట్టి అసలు భారం మోయాల్సింది ఊళ్లో ఉండే నర్సమ్మే. డాక్టరు మందు రాసి, తేడా వచ్చినప్పుడు మార్చాలి. మిగిలిన పది రాకలూ నర్సు దగ్గరే సజావుగా జరిగిపోవాలి. ఈ మాట ఒప్పుకోవడానికి మన వైద్య వ్యవస్థకు చాలా కాలం పట్టింది.

రాత్రి తొమ్మిదింటికి ఊళ్లో దొరికేది ఎవరన్నది కూడా చూడాలి. డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీ డాక్టరే. మోటారు సైకిలు మీద ఇంటికొస్తాడు, డబ్బు రేపిచ్చినా సరే అంటాడు, పేరు పెట్టి పిలుస్తాడు. 2001 జనాభా లెక్కలను విశ్లేషించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఒక నివేదిక తెచ్చింది. దేశంలోని పల్లెల్లో అల్లోపతి డాక్టర్లమని చెప్పుకున్నవాళ్లలో వైద్య విద్య అర్హత ఉన్నవాళ్లు 18.8 శాతమే అని అందులో తేలింది. అక్కర్లేని యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేసే హాని నిజమైనదే, దాన్ని కప్పిపుచ్చకూడదు. కానీ జనం ఆయన దగ్గరికి ఎందుకు వెళ్తున్నారో చూస్తే సర్కారు కేంద్రం నేర్చుకోవాల్సిన పాఠం అక్కడే ఉంది. ఆయన జనానికి వీలైన వేళలో ఉంటాడు.

పరీక్ష చేస్తే సరిపోతుందా

పశ్చిమ గోదావరిలోనే జరిగిన మరో పరిశోధన గురించి చెప్పాలి, ఎందుకంటే దాని ఫలితం చాలామందిని ఆలోచనలో పడేసింది. 18 పీహెచ్‌సీల పరిధిలో, 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి నలభై దాటినవాళ్ల బీపీ చూసి, గుండె జబ్బు ముప్పు ఎంతో లెక్కగట్టి, ఎక్కువగా ఉన్నవాళ్లను పీహెచ్‌సీకి పంపేవారు. డాక్టరు దగ్గరున్న ట్యాబ్‌కూ ఆ వివరాలు చేరేవి. ఆశాలు పని శ్రద్ధగా చేశారు. ముప్పు ఉన్నవాళ్లలో డాక్టరును కలిసినవారి సంఖ్య పెరిగింది. చివరికి బీపీ అదుపులోకి వచ్చినవారి శాతం చూస్తే మాత్రం, ట్యాబ్ ఉన్న ఊళ్లకూ లేని ఊళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2019లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఇలాంటి ఫలితాన్ని దాచకుండా ప్రకటించినందుకు ఆ పరిశోధకులకు మనం రుణపడి ఉండాలి. జబ్బు కనిపెట్టడం మొదటి మెట్టు. డాక్టరు దగ్గరికి పంపడం రెండోది. మందు మొదలుపెట్టడం, చాలకపోతే మోతాదు పెంచడం, నెలనెలా చేతికి అందించడం, రాకపోతే ఎందుకు రాలేదని ఇంటికెళ్లి అడగడం, ఇన్ని మెట్లూ దాటితే తప్ప బీపీ దిగదు. మన ప్రభుత్వాల ప్రకటనల్లో ఎక్కువగా వినిపించేది మొదటి మెట్టు లెక్కే. ఇన్ని లక్షల మందికి పరీక్షలు చేశాం అంటారు. 2023 మేలో కేంద్రం పెట్టుకున్న లక్ష్యం చూడండి. 2025 చివరికి 7.5 కోట్ల మంది బీపీ, షుగర్ రోగులను ప్రామాణిక చికిత్స కిందికి తేవాలన్నారు. గొప్ప సంకల్పమే. అయితే పేరు రిజిస్టరులోకి ఎక్కడం వేరు, పాదరసం కిందికి దిగడం వేరు.

పాదరసం దిగేలా చేసే పద్ధతి ఒకటి మన దగ్గరే నడిచింది. 2017 నవంబరులో భారత వైద్య పరిశోధనా మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి ఐదు రాష్ట్రాల్లోని 25 జిల్లాల్లో బీపీ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టాయి. ఆ ఐదింటిలో తెలంగాణ ఒకటి. అందులో కొత్త యంత్రమేమీ లేదు. రాష్ట్రమంతటికీ ఒకే రకం మందుల వరస పెట్టారు. మొదట ఏ మాత్ర, చాలకపోతే ఏది కలపాలి అన్నది గోడకు అంటించే ఒక్క కాగితంలో ఉంటుంది. రెండు మూడు రకాల మందులే వాడటం వల్ల వాటిని ముందే లెక్కగట్టి తెప్పించుకోవడం తేలికైంది. ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టారు. ఈ నెల రానివాళ్ల పేర్లు విడిగా తీసి ఫోన్లు చేశారు. ఆ కార్యక్రమంలో తేలిన విషయాల్లో ఒకటి గుర్తుంచుకోదగ్గది. పెద్దాస్పత్రుల్లో మందు తీసుకునేవారి కంటే ఊరికి దగ్గరున్న చిన్న కేంద్రాల్లో తీసుకునేవారిలో బీపీ ఎక్కువమందికి అదుపులోకి వచ్చింది.

పెద్దాస్పత్రుల సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. మైదానంలో 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. అందులో సర్జను, ఫిజీషియను, గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు నలుగురూ ఉండాలి. 2022 మార్చి నాటికి దేశంలోని పల్లెల్లో ఇలాంటి కేంద్రాలు 5,480. కావాల్సిన నిపుణులు 21,920 మంది. కొరత 17,435. అంటే ఐదు కుర్చీల్లో నాలుగు ఖాళీ. కుర్చీ నింపడం జీతంతో మాత్రమే అయ్యే పని కాదు. డాక్టరుగారి పిల్లలకు బడి, ఉండటానికి ఇల్లు, మత్తు డాక్టరు, రక్తనిధి, ఇవన్నీ ఒకచోట కుదరాలి. అవి కుదిరేదాకా పల్లె మనిషిని పల్లెలోనే కాపాడుకునే దారి బలపడాలి.

దూరం లెక్కలు తారుమారయ్యే చోట

ఏజెన్సీలో పై లెక్కలేవీ సరిగ్గా సరిపోవు. మైదానంలో 3,000 మంది అంటే ఒక ఊరు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల మీద అదే 3,000 మంది పదుల సంఖ్యలో గూడేల్లో ఉంటారు. గూడేనికీ గూడేనికీ మధ్య గెడ్డ పొంగితే దారే ఉండదు. అందుకే నొప్పులు పడుతున్న ఆడకూతుర్ని కర్రకు డోలీ కట్టి నలుగురు మోసుకొచ్చే ఫొటో ఇప్పటికీ ప్రతి వానాకాలం పత్రికల్లో కనిపిస్తుంది. 108 రోడ్డు దాకా వస్తుంది, రోడ్డు గూడెం దాకా రాదు. 2018లో బైకు అంబులెన్సులు పెట్టారు. పార్వతీపురం ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో సాలూరులో గర్భిణుల వసతి గృహం తెరిచారు. నెలలు నిండే ముందే గర్భిణులు అక్కడికి వచ్చి, వండిన భోజనం తిని, ఆస్పత్రికి దగ్గర్లో ఉండి కాన్పయ్యాక ఇంటికి వెళ్తారు. రెండో ఆలస్యాన్ని దాటడానికి ఇంత సులువైన ఉపాయం మరొకటి లేదు. ప్రయాణాన్ని నొప్పుల వేళ నుంచి తీరికైన వేళకు జరిపారు.

ఉద్దానంలో దూరం మరో రూపంలో కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా మనుషుల్ని తీసుకుపోతోంది. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. కిడ్నీలు చేతులెత్తేసిన మనిషికి వారానికి మూడుసార్లు డయాలసిస్ కావాలంటే ఏడాదికి 156 సార్లు. ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు. ఆ పల్లెల నుంచి విశాఖపట్నం దాదాపు 200 కిలోమీటర్లు. రానూ పోనూ 400. ఏడాదికి 62,400 కిలోమీటర్లు. ఏ మనిషీ, ఏ కుటుంబమూ అంత తిరగలేదు. వారానికి మూడు చేయించుకోవాల్సినవాళ్లు ఒకటికే పోవడం, ఆపై మానేయడం, అప్పుల్లో మునగడం అక్కడ ఇంటింటి కథగా ఉండేది. సోంపేట, పలాస వంటి దగ్గరి ఊళ్లలో డయాలసిస్ కేంద్రాలు వచ్చాక ఆ దూరం పదుల కిలోమీటర్లకు తగ్గింది. డయాలసిస్ మీదున్నవాళ్లకు 10,000 రూపాయల పింఛను వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. 700 కోట్ల మంచినీటి పథకం పూర్తయింది. 156 సార్లు వెళ్లాల్సిన చోటు దగ్గరుంటేనే వైద్యం అందినట్టని ఉద్దానం ప్రజలు ఏళ్ల తరబడి కొట్లాడి ఒప్పించారు. బీపీవాళ్ల విషయంలో అలా కొట్లాడేవాళ్లు లేరు. వాళ్ల జబ్బు బయటికి కనిపించదు.

బీపీ, షుగర్ అదుపులో లేకపోవడం కిడ్నీలు చెడటానికి పెద్ద కారణాల్లో ఒకటి. ఉద్దానం జబ్బు వేరు కావచ్చు. మిగతా జిల్లాల్లో నెలనెలా 12 ప్రయాణాలు కుదరక మాత్ర మానేసినవాళ్లలో కొందరు చివరికి ఈ 156 ప్రయాణాల వరసలోకే వచ్చి చేరుతున్నారు.

మూడు నెలల మాత్రలు ఒకేసారి

ఖర్చు పెద్దగా లేకుండా రేపే చేయగలిగిన పని ఒకటుంది. బీపీ అదుపులో ఉన్నవాళ్లను మూడు నుంచి ఆరు నెలలకోసారి చూస్తే చాలని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన 800 మందిలో సగం మందికి బీపీ అదుపులో ఉందనుకుందాం. ఆ 400 మందికి మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇస్తే వాళ్ల రాకలు ఏడాదికి 4,800 నుంచి 1,600కి తగ్గుతాయి. మిగతా 400 మందివి 4,800 అలాగే ఉంటాయి. మొత్తం 9,600 కాస్తా 6,400 అవుతుంది. రోజుకు 32 మంది బదులు 21 మంది. ఏఎన్‌ఎమ్మమ్మకు రోజుకు దాదాపు రెండు గంటలు మిగులుతాయి, ఆ సమయం అదుపులో లేనివాళ్ల కోసం, రానివాళ్ల ఇంటికి వెళ్లడం కోసం పనికొస్తుంది. అదుపులో ఉన్న ప్రతి మనిషికీ ఏడాదిలో 8 రోజులు మిగులుతాయి. కూలి లెక్కన 2,456 రూపాయలు. ఇస్తే పారేసుకుంటారనో, సరిగా వాడరనో భయపడేవాళ్లు కరోనా రోజుల్ని గుర్తు చేసుకోవాలి. అప్పుడు చాలాచోట్ల రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇచ్చారు, ఆశాలు ఇంటికి తెచ్చిచ్చారు.

దీనికి కావాల్సింది మందుల గోదాములో మూడు నెలల నిల్వ. అక్కడే అసలు చిక్కు. డబ్బు ముందుగా కట్టాలి, ఇండెంటు సరిగా పెట్టాలి. దేశంలో ప్రభుత్వాల ఆరోగ్య ఖర్చు 2021-22లో స్థూల దేశీయోత్పత్తిలో 1.84 శాతం. 2025 నాటికి 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నాం.

రెండోది వేళలు. వారానికి ఒక్క రోజైనా, సంత రోజున గానీ, పొద్దున ఆరింటికి గానీ, సాయంత్రం ఏడింటికి గానీ క్లినిక్ తెరిస్తే కూలికి వెళ్లేవాళ్లు వస్తారు. అదనపు వేళకు నర్సమ్మకు అదనపు భత్యం ఇవ్వాలి. ఆమె కూడా ఇంట్లో పిల్లలున్న మనిషే. ఆంధ్రప్రదేశ్‌లో ఆశాల గౌరవ వేతనం 2019 నుంచి నెలకు 10,000 రూపాయలు. కొత్త పని అప్పజెప్పే ప్రతిసారీ ఈ అంకెను కూడా ముందు పెట్టుకుని మాట్లాడాలి.

ఫోనులో డాక్టరును చూపించే ఈ-సంజీవని 2019 నవంబరులో మొదట మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఆరోగ్య కేంద్రాల్లోకి వచ్చింది. మందు మార్చాల్సి వచ్చినప్పుడు అది చాలా ఉపయోగం. మాత్ర మాత్రం ఫోనులోంచి రాదు.

ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ ఒకటి కాగితం మీద ఉంటుంది. దానికి ఏటా 10,000 రూపాయల నిధి కూడా ఉంది. సర్పంచి, ఏఎన్‌ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచరు అందులో సభ్యులు. వచ్చే గ్రామసభలో ఎవరైనా లేచి నాలుగు ప్రశ్నలు అడగొచ్చు. మన ఊళ్లో బీపీ రిజిస్టరులో ఎంతమంది పేర్లున్నాయి? పోయిన నెల మందుకు వచ్చింది ఎంతమంది? వచ్చినవాళ్లలో 140/90 కన్నా తక్కువ ఉన్నది ఎంతమందికి? ఈ ఏడాది ఆమ్లోడిపిన్ నిండుకున్న రోజులు ఎన్ని? జవాబులన్నీ రిజిస్టరులో ఉండాలి. లేకపోతే ఆ రోజే రాయడం మొదలుపెట్టించాలి.